విదేశీ సాయంతో నడిచే ప్రణాళికా ప్రాజెక్టులో ఉద్యోగం: రాయగడ వెళ్ళాలా, వద్దా?

అమ్మా, బరంపురం నుంచి మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీకు అర్థశాస్త్రంలో ఎం.ఏ. పూర్తయింది. మన ఒడిశాలోనే రాయగడలో రెండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టు. పని పేరు 'విధాన రూపకల్పన, ప్రణాళికా సామర్థ్యాల బలోపేతం'. మీ నాన్నగారు "ఆ డబ్బుతో ఆసుపత్రి కట్టవచ్చు కదా, కాగితాల కోసం ఇంత ఖర్చా" అన్నారు. మీ స్నేహితురాలు "డబ్బు ఇచ్చేవాళ్ళు విధానం కూడా తమకు నచ్చినట్టే రాయించుకుంటారు" అంది. వెళ్ళాలా వద్దా, వెళితే తెలుగుతో నెట్టుకురాగలనా అని మీరు అడిగారు.

నాది పర్లాకిమిడి. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ప్రణాళికా విభాగాల్లోనూ గిరిజనాభివృద్ధి కార్యాలయాల్లోనూ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో సగం కాలం పక్క గదిలో ఏదో ఒక విదేశీ నిధుల ప్రాజెక్టు నడుస్తూనే ఉండేది. కొన్ని ప్రాజెక్టులు మా పనిని మార్చేశాయి. కొన్ని వెళ్ళిపోయిన మర్నాటికే అవి వచ్చిన సంగతి కూడా ఎవరికీ గుర్తులేదు. నా మాట వెళ్ళమనే. అయితే ఎందుకు వెళ్ళాలో, అక్కడ ఏం చూసుకోవాలో తెలిసి వెళ్ళాలి.

ముందు ఈ సాయం సంగతి. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ తన సభ్యదేశాలు ఇచ్చే సాయాన్ని పద్దులవారీగా లెక్క రాస్తుంది. బడికి, మంచినీటికి, రోడ్డుకు పద్దులు ఉన్నట్టే ప్రభుత్వ విధానానికి, పరిపాలనా నిర్వహణకు కూడా ఒక పద్దు ఉంది. దాని సంఖ్య 15110. ఈ పద్దు కింద వచ్చే రూపాయి సిమెంటుగానో ఇనుముగానో మారదు. సలహాదారుల జీతాలుగా, సర్వేలుగా, శిక్షణ తరగతులుగా, కంప్యూటర్లుగా, నివేదికలుగా మారుతుంది. కంటికి కనిపించేది ఏదీ మిగలదు కాబట్టి మీ నాన్నగారి అనుమానం సహజమే.

పైగా ఇదంతా ఉచితంగా రాదు. కొంత గ్రాంటు, కొంత అప్పు. రాష్ట్ర ప్రభుత్వం విదేశీ బ్యాంకు దగ్గర నేరుగా చేయి చాచే వీలు లేదు. అంతా ఢిల్లీలోని ఆర్థిక వ్యవహారాల శాఖ ద్వారానే రావాలి. 2005 తరువాత మన వంటి రాష్ట్రాలకు ఆ అప్పు ఏ షరతులతో వచ్చిందో అవే షరతులతో బదిలీ అవుతోంది. డాలరు విలువ పెరిగితే ఆ భారమూ రాష్ట్రానిదే. 2024 చివర్లో ప్రపంచ బ్యాంకు మహారాష్ట్రకు దాదాపు 18.8 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. వెనుకబడిన జిల్లాలు తమ అభివృద్ధి ప్రణాళికలను తామే బాగా వేసుకునేలా జిల్లా యంత్రాంగాన్ని బలపరచడం దాని ఉద్దేశం. గడ్చిరోలి జిల్లా సిరొంచలో మనలాగే సరిహద్దున బతుకుతున్న తెలుగువాళ్ళున్నారు. అది అప్పు. తిరిగి కట్టాలి. కాబట్టి 'దీనివల్ల ఏం ఒరిగింది' అని అడిగే హక్కు అక్కడి రైతుకు ఉంది, ఇక్కడ మీ నాన్నగారికీ ఉంది.

ఆయన ప్రశ్నకు నా జవాబు తుఫానుల దగ్గర మొదలవుతుంది. మీది బరంపురం కనుక ఇది మీ ఇంట్లోవాళ్ళకు బాగా తెలిసిన కథే. 1999 అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు 10,000 మంది చనిపోయారు. తుఫాను వస్తోందని ముందే తెలుసు. కానీ ఆ కబురు అందాక ఎవరు ఎవరికి చెప్పాలి, ఎవరిని ఎక్కడికి తరలించాలి, బియ్యం ఏ గోదాములో ఉండాలి, రోడ్డు మీద పడిన చెట్లను ఎవరు నరకాలి అన్న ఏర్పాటు లేదు. ఆ డిసెంబరులోనే రాష్ట్రం విపత్తుల కోసం ఒక ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. దేశంలో అటువంటి సంస్థ పెట్టుకున్న మొదటి రాష్ట్రం మనదే. తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కేంద్రంతో కలిసి ఊరూరా విపత్తు ప్రణాళికలు రాయించింది. ఆ కార్యక్రమం చివరికి 17 రాష్ట్రాల్లో సుమారు 170 జిల్లాలకు విస్తరించింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో తీరం పొడవునా తుఫాను ఆశ్రయ భవనాలు లేచాయి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అంతకుముందే సుమారు 10 లక్షల మందిని ఇళ్ళనుంచి కదిలించారు. ఒడిశాలో చనిపోయినవారు యాభై మందిలోపే. ఆశ్రయ భవనాలు ఉపయోగపడ్డాయి, సందేహం లేదు. కానీ భవనం తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, గర్భిణులను ముందు ఎవరు తీసుకువస్తారో ప్రతి ఊళ్ళో ఒక మనిషికి తెలిసి ఉండటమే ఆ రాత్రి పనిచేసింది. ప్రణాళికా సామర్థ్యం అంటే నా దృష్టిలో అదే. మీ నాన్నగారికి ఈ రెండు తుఫానులను గుర్తుచేయండి. ఆసుపత్రి కావలసిందే. అందులో డాక్టరు పోస్టు మంజూరు చేయించే, మందుల ఇండెంటు వేళకు పంపించే మనిషి లేకపోతే ఆ భవనం ఎలా ఉంటుందో మన కొండ బ్లాకుల్లో నేను చాలా చూశాను.

అయితే ఇదే కథలో ఇంకో పేజీ ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. పలాస దగ్గర తీరం దాటి మా గజపతి కొండల మీద కుండపోతగా కురిసింది. బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి, వాన నుంచి తప్పించుకోవడానికి తలదాచుకున్నవాళ్ళే పదిమందికి పైగా చనిపోయారు. మన ప్రణాళికలన్నీ సముద్రం వైపు చూస్తూ రాసినవి. కొండ మీద ఊరికి తుఫాను అంటే ఏమిటో అందులో లేదు. ఆ వార్త విన్న రోజు నేను భోజనం చేయలేకపోయాను. ప్రణాళిక రాసే గదిలో ఎవరు కూర్చున్నారో వాళ్ళ ఊరే ఆ ప్రణాళికలోకి వస్తుంది. మీరు కూర్చోబోయేది ఆ గదిలోనే.

ఇక మీ స్నేహితురాలి మాట. ఆమె అన్నదానిలో నిజం ఉంది, మన ఒడిశాలోనే ఉంది. 1990లలో విద్యుత్ సంస్కరణలకు దేశంలో అందరికంటే ముందు దిగింది మనమే. 1995లో చట్టం, 1996 ఏప్రిల్ 1 నుంచి పాత విద్యుత్ బోర్డు విభజన, ప్రపంచ బ్యాంకు నుంచి 35 కోట్ల డాలర్ల అప్పు, బ్రిటన్ నుంచి గ్రాంటు. కన్సల్టెంట్ల బృందాలు దిగాయి. 1999లో పంపిణీని ప్రైవేటు కంపెనీల చేతుల్లో పెట్టారు. పంపిణీ నష్టాలు మొదట కాగితం మీద వేసుకున్నదానికంటే చాలా ఎక్కువని తరువాత తేలింది. తుఫానులో స్తంభాలు కూలాయి. మధ్య ఒడిశా పంపిణీ తీసుకున్న అమెరికా కంపెనీ 2001లో వదిలేసి వెళ్ళిపోయింది. దీన్ని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన కానూనుగో కమిటీ, కన్సల్టెంట్ల మీద పెట్టిన ఖర్చును కూడా తప్పుపట్టింది. రాయగడ, గుణుపురం బజార్లలో రాత్రి ఎనిమిదింటికి దీపాలు ఆరిపోతే దుకాణదారులు "సంస్కరణ వచ్చింది" అనేవారు. అది చూస్తే మీ స్నేహితురాలి పక్షాన నిలబడాలనిపిస్తుంది.

కానీ అక్కడే ఆగితే సగం చూసినట్టే. ఆ సంస్కరణలో పుట్టినదే ఒడిశా విద్యుత్ నియంత్రణ మండలి. దేశంలో అటువంటి మండలి అదే మొదటిది. చార్జీలు పెంచాలంటే కంపెనీ లెక్కలు బయటపెట్టాలి, బహిరంగ విచారణలో ఎవరైనా లేచి అభ్యంతరం చెప్పవచ్చు. రైతు సంఘాలు, చిన్న మిల్లుల వాళ్ళు, విశ్రాంత ఇంజినీర్లు ఏటా అక్కడికి వెళ్ళి లెక్కలు అడగడం నేర్చుకున్నారు. చివరికి 2015 మార్చిలో మన దక్షిణ ఒడిశాతో సహా మూడు ప్రాంతాల పంపిణీ లైసెన్సులను రద్దు చేసింది ఆ మండలే. విదేశీ సలహాతో పుట్టిన సంస్థ ఇరవై ఏళ్ళకు తన కాళ్ళ మీద నిలబడి, ఆ సంస్కరణ తెచ్చిన కంపెనీలనే బయటకు పంపింది. ఆ ప్రాజెక్టులో పోయింది ఏమిటి, నిలిచింది ఏమిటి అని ఆలోచిస్తే నాకు ఒకటే తోస్తుంది. కన్సల్టెంట్లు తమ చేత్తో వేసిన అంచనాలు పోయాయి. మనవాళ్ళు ఏటేటా కూర్చుని వాదించవలసివచ్చిన వేదిక నిలిచింది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు. గజపతి కొండల్లో ఒక సవర గిరిజనుల ఊళ్ళో తెలిసింది.

ఆ ఊళ్ళో విదేశీ నిధుల ప్రాజెక్టు ఒకటి గ్రామ ప్రణాళిక వేయించింది. రచ్చమాను కింద నేల అలికి, ముగ్గుపిండితో ఊరి హద్దులు, పసుపుతో పొలాలు, బొగ్గుపొడితో దారి, నీలం రంగుతో గెడ్డ, అంటే వాగు, గీయించారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు, మా ఇంజినీరు, నేను, పంచాయతీ కార్యనిర్వహణాధికారి ఉన్నాం. ఇంజినీరు తన మ్యాపు చూసి గెడ్డ మీద ఒక రాయి పెట్టాడు. అక్కడ చెక్‌డ్యాం అన్నమాట. వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. ఏమీ అనకుండా కాలి బొటనవేలితో ఆ నీలం గీతను సగం దాకా చెరిపేసింది. తరువాత చెప్పింది, సంక్రాంతి దాటితే అంతవరకే నీరుంటుందని. అక్కడినుంచి పైకి నడిచివెళ్ళి పనసచెట్టు గుర్తు దగ్గర ఒక ఆకు పెట్టింది. అది ఊట. మే నెలలోనూ ఆరదట. దానికి ఒక పైపు వేస్తే నీళ్ళు వాటంతట అవే ఊళ్ళోకి దిగుతాయి, మోటారు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు.

ఆ కుర్రవాళ్ళు నిజాయితీ గలవాళ్ళు. ఎంతో సంతోషించి ఫోటో తీసుకున్నారు. కానీ వాళ్ళ దగ్గరున్న ఫారంలో ఊట అనే గడి లేదు. 'ఇతరములు' కింద రాశారు. జిల్లాకు వచ్చేసరికి 'ఇతరములు'కు పద్దు లేదు కాబట్టి అది రాలిపోయింది. చెక్‌డ్యాం మంజూరైంది. కట్టారు కూడా. మాఘమాసానికే అది ఎండిపోయి, అందులో పిల్లలు ఆడుకునేవారు. ముసలమ్మ గీత చెరిపిన ఫోటో మాత్రం ఆ ప్రాజెక్టు తుది నివేదిక అట్ట మీద ప్రజల భాగస్వామ్యానికి నిదర్శనంగా అచ్చయింది. నేను అది చూసి చాలా రోజులు బాధపడ్డాను. ఆ ఫారంలో ఒక గడి అదనంగా గీయమని అడగవలసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అడగలేదు.

ఆ తరువాత చాలా ఏళ్ళకు, 14వ ఆర్థిక సంఘం నిధులు నేరుగా పంచాయతీలకు రావడం మొదలై, ప్రతి పంచాయతీ తన అభివృద్ధి ప్రణాళిక తానే వేసుకోవాలన్నారు. ఆ పంచాయతీ ప్రణాళిక నా బల్ల మీదకు వచ్చింది. మొదటి పని: పనసచెట్టు ఊట నుంచి ఊరికి పైపు. రాసినవాడు ఆ రోజు చివర కూర్చుని హాజరైనవాళ్ళ పేర్లు రాసుకున్న కార్యనిర్వహణాధికారే. అప్పుడు కుర్రవాడు. బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ అదే పంచాయతీకి వచ్చాడు. "ఆమె గీత చెరిపింది గుర్తుందండి" అన్నాడు. ఆ ప్రాజెక్టు ఖర్చు పెట్టిన డబ్బులో అతని మనసులో మిగిలిన ఆ ఒక్క మధ్యాహ్నానికే ఫలితం వచ్చింది. దాన్ని ఎవరూ కొలవలేదు, ఏ నివేదికలోనూ లేదు.

అందుకే ఏ ప్రాజెక్టును చూసినా నేను ఒకటే అడుగుతాను. మీరు వెళ్ళిపోయిన మర్నాడు ఈ పని ఎవరు చేస్తారు? ఆ మనిషి ఇప్పుడు మీ పక్కన కూర్చుని ఉన్నాడా?

చాలాసార్లు కూర్చుని ఉండడు. విదేశీ ప్రాజెక్టుకు ప్రత్యేకంగా ఒక కార్యాలయం, వేరే జీతాలు, వేరే జీపు, వేరే లెక్కల పద్ధతి ఏర్పడతాయి. తొందరగా పని చూపించాలన్న ఒత్తిడి వాళ్ళకు ఉంటుంది, అది అర్థం చేసుకోవలసినదే. కానీ దాంతో ప్రభుత్వ గుమాస్తా ప్రేక్షకుడైపోతాడు. పైగా ప్రభుత్వంలో ఉన్న చురుకైన కుర్రవాళ్ళే రెట్టింపు జీతానికి ప్రాజెక్టులోకి వెళతారు. బలపరచడానికి వచ్చిన డబ్బు ఉన్న బలాన్నే లాగేసుకుంటుంది. అఫ్గానిస్థాన్‌లో 2002 తరువాత ఇది పెద్ద ఎత్తున జరిగింది. దాతలు జీతాలిచ్చే వేలమంది నిపుణులు మంత్రిత్వశాఖల్లో కూర్చున్నారు. జీతాల పట్టీలో ఉన్న అసలు ఉద్యోగులు పక్కకు తప్పుకున్నారు. దాన్ని రెండో సివిల్ సర్వీసు అనేవారు. దాతలకు ఈ జబ్బు తెలియక కాదు. 2005లో పారిస్‌లో దాతలూ గ్రహీతలూ కలిసి సంతకాలు పెట్టిన ప్రకటనలో ఇటువంటి సమాంతర ప్రాజెక్టు కార్యాలయాలను 2010 నాటికి మూడింట రెండు వంతులు తగ్గిస్తామని రాసుకున్నారు. గడువు వచ్చింది, లక్ష్యం చేరలేదు.

మా జిల్లాల్లోనే ఒక కార్యాలయంలో ఇలా జరిగింది. ఒక ప్రాజెక్టు ఏసీ గది కట్టించి, అందులో ఐదు కంప్యూటర్లు పెట్టి, జిల్లా సమాచారమంతా ఎక్కించింది. పటాలు రంగురంగుల్లో వచ్చేవి. మార్చి 31తో ప్రాజెక్టు ముగిసింది. ఏప్రిల్ రెండో వారంలో కలెక్టరు ఒక జాబితా అడిగారు. పాస్‌వర్డు తెలిసిన కుర్రవాడు అప్పటికి వేరే రాష్ట్రంలో ఉద్యోగంలో చేరాడు. ఫోను చేస్తే పాపం చెప్పాడు, కానీ ఆ సాఫ్ట్‌వేరు లైసెన్సు కూడా మార్చితోనే ముగిసింది. చివరికి ఆ జాబితా గణాంకాల సహాయకుడు చేత్తో రాసుకున్న అట్టల పుస్తకంలోంచి సాయంత్రానికి తయారైంది. ఐదు కంప్యూటర్ల మీద తువ్వాళ్ళు కప్పి ఉండేవి. ఆ గణాంకాల సహాయకుణ్ణి ఆ మూడేళ్ళలో ఒక్క శిక్షణకూ పిలవలేదు.

బాగా జరిగినవీ చెప్పాలి. 1950లలో మన దేశం రెండో పంచవర్ష ప్రణాళిక వేసుకుంటున్నప్పుడు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ తన కలకత్తా గణాంక సంస్థకు రాగ్నార్ ఫ్రిష్, ఆస్కార్ లాంగే వంటి మహామహులైన విదేశీ ఆర్థికవేత్తలను రప్పించారు. ఫ్రిష్‌కు తరువాత 1969లో అర్థశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది, ఇంకొకరితో కలిపి. అంతటివాళ్ళు వచ్చినా కలం మనవాళ్ళ చేతిలోనే ఉంది. వాళ్ళతో వాదించారు, నేర్చుకున్నారు, ముసాయిదా తామే రాసుకున్నారు. అది మంచి ప్రణాళికా కాదా అన్నది వేరే చర్చ, తప్పో ఒప్పో మనదే.

ఆఫ్రికాలో బోట్స్‌వానా 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి నిరుపేద దేశం. చదువుకున్న అధికారులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. విదేశీ నిపుణులను పెద్ద సంఖ్యలో తీసుకుంది, కానీ సలహాదారులుగా పక్కన కూర్చోబెట్టకుండా ప్రభుత్వ పోస్టుల్లోనే వేసి, ప్రభుత్వానికే జవాబుదారీ చేసింది. ఆర్థిక, ప్రణాళిక శాఖలు ఒకటే కాబట్టి జాతీయ ప్రణాళికలో లేని ప్రాజెక్టుకు దాత ఎంత డబ్బు ఇస్తానన్నా ఒప్పుకునేది కాదు. కట్టాక నడిపే ఖర్చు ఎవరిది అన్న లెక్క తేలందే సంతకం పెట్టేది కాదు. ఆ ఒక్క ప్రశ్న మన జిల్లాల్లో అడిగి ఉంటే ఎన్ని భవనాలు తాళాలు పడకుండా ఉండేవో! ఇంగ్లండులోని ఓడీఐ సంస్థ 1963 నుంచి యువ ఆర్థికవేత్తలను పేద దేశాల ప్రభుత్వాల్లో ఇలాగే మామూలు ఉద్యోగులుగా పంపుతూ వచ్చింది. మీ వయసు వాళ్ళే.

మన పక్క రాష్ట్రంలో చూస్తే, 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ పెట్టుకుంది. బ్రిటన్ సాయం, ప్రపంచ బ్యాంకు సహకారం దానికి తోడయ్యాయి. బ్రిటన్ 2015 నాటికి మన దేశానికి ఆర్థిక సాయం ఆపేసింది. రాష్ట్రమూ రెండైంది. ఆ సంస్థ మాత్రం ప్రభుత్వాల పనులు చేసిపెడుతూ నిలిచే ఉంది.

మన జిల్లాల్లో నిలిచినదాన్ని చెప్పమంటే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి, బ్రిటన్ కలిసి సాయం చేసిన గిరిజన సాధికారత, జీవనోపాధుల కార్యక్రమాన్ని చెబుతాను. ఓటెల్ప్ అంటే గుణుపురంలో టీ కొట్టు వాళ్ళకు కూడా తెలుసు. గజపతి, రాయగడ, కోరాపుట్‌తో సహా ఏడు జిల్లాలు, 30 బ్లాకులు, పన్నెండేళ్ళకు పైగా, 2016 దాకా. ఇక్కడ ముఖ్యమైనది ఆ పన్నెండేళ్ళు. మూడేళ్ళ ప్రాజెక్టులో మొదటి ఏడు మనుషులను తీసుకోవడంతో, చివరి ఏడు నివేదిక రాయడంతో పోతుంది. ఇది గిరిజనాభివృద్ధి సంస్థల ద్వారానే నడిచింది. ఇంకా కొనసాగుతుండగానే ఆ పద్ధతిని ప్రభుత్వ నిధులతో ఇతర గ్రామాలకు విస్తరించారు. లోపాలు లేవనను. కానీ దాత వెళ్ళకముందే ప్రభుత్వం తన జేబులోంచి అదే పని మొదలుపెట్టిందంటే అది వేరు పట్టినట్టే.

ఒకటి మరిచిపోకూడదు. విదేశీ సాయం లేకుండా కూడా మంచి విధానం పుడుతుంది. 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల మిషన్ చూడండి. అదీ మొదట ఏడు జిల్లాల్లో 30 బ్లాకుల్లోనే. భువనేశ్వర్‌లోని ఒక పరిశోధన కేంద్రం, రైతులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ శాఖ కూర్చుని మాట్లాడుకోగా వచ్చింది. మనం చోడి అని పిలిచే రాగిని ప్రభుత్వం మద్దతు ధరకు కొనడం మొదలైంది. ఇంకాస్త ముందు, 2013లో సుప్రీంకోర్టు తీర్పు మీద నియమగిరి గుట్టల్లో 12 పల్లీసభలు, అంటే ఊరి సభలు, జరిగాయి. అందులో ఏడు రాయగడ జిల్లావే. పన్నెండుకు పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని వద్దన్నాయి. జిల్లా జడ్జి సమక్షంలో, ఒక్కొక్కరూ లేచి, తమ మాటల్లో కారణాలు చెప్పారు. మీరు వెళ్ళబోయే జిల్లా ప్రజలకు విధానం గురించి ఆలోచించడం ఎవరో బయటనుంచి వచ్చి నేర్పాలని ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్ళు చెప్పినదాన్ని బడ్జెటు పద్దు దాకా మోసుకుపోయే చేతులు కొరవడ్డాయి. మీ ఉద్యోగం ఆ చేతులను తయారుచేయడానికే అయితే బంగారంలాంటి ఉద్యోగం.

చేరేముందు ఆర్డరులో మీ కుర్చీ ఎక్కడో చూడండి. జిల్లా ప్రణాళికా విభాగంలోనా, ఊరి చివర అద్దె బంగళాలోనా? బంగళా అయితే మొదటి నెలలోనే కలెక్టరేటులో ఒక బల్ల అడగండి. కిటికీ పక్కన అక్కరలేదు, గణాంకాల సహాయకుడి పక్కన కావాలి. ఆయన అట్టల పుస్తకాన్ని గౌరవంగా అడిగి చూడండి. మీరు కంప్యూటరులో చేసే ప్రతి పట్టికనూ ఆయన చేతనే చేయించండి, మొదట నెమ్మదిగా జరిగినా సరే. పాస్‌వర్డులు రెండు చోట్ల రాసి ఉండాలి, అందులో ఒకటి ప్రభుత్వ ఫైలు.

క్యాలెండరును గోడకు అంటించుకోండి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది, కానీ నేను చూసిన ప్రాజెక్టుల్లో సగం ఇక్కడే ఓడిపోయాయి. పంచాయతీల ప్రణాళిక సభలు అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. శాఖలు తమ బడ్జెటు ప్రతిపాదనలను చలికాలంలోనే పైకి పంపుతాయి. ఫిబ్రవరిలో పల్లీసభలు. ఎంత గొప్ప అధ్యయనమైనా జులైలో వచ్చిందంటే అది ఏ పద్దులోకీ ఎక్కదు, మరుసటి ఏడాదికి పాతబడుతుంది. సెప్టెంబరులో ఇచ్చే రెండు పేజీల నోటు జులైలో వచ్చే రెండు వందల పేజీల నివేదిక కంటే ఎక్కువ పని చేస్తుంది. ఆ రెండు పేజీలూ ఒడియాలో ఉంటే బ్లాకు అధికారి చదువుతాడు.

దాత తరఫువాళ్ళు ఏదైనా విధానాన్ని ముందే సిద్ధం చేసి తెస్తే భయపడకండి, అలాగని తల ఊపేయకండి. దానివల్ల ఎవరికి ఏం పోతుందో, నడిపే ఖర్చు మూడో ఏడు నుంచి ఎవరిదో, ఇంతకుముందు ఇక్కడ ఇటువంటిది జరిగిందో లేదో ఒక కాగితం మీద రాసి మీ అధికారికి ఇవ్వండి. నిర్ణయం ఆయనది, పైవాళ్ళది. ఆ మూడు ప్రశ్నలు ఫైలులో ఉంటే మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒక రోజు చదువుతారు.

ఫారంలో గడి లేకపోతే గీయించండి.

చివరగా భాష గురించి. రాయగడ బజారులో తెలుగుతో హాయిగా గడిచిపోతుంది. విజయనగరం రైలు దిగినవాళ్ళతో సగం ఊరు తెలుగే మాట్లాడుతుంది. కార్యాలయంలో ఒడియా తప్పదు, మీకది వచ్చే ఉంటుంది. ఊళ్ళల్లో మాత్రం ఈ రెండూ చాలవు. కొంధు గిరిజనులు మాట్లాడే కుయి, కువి భాషలు మన తెలుగుకు దగ్గరి చుట్టాలే, ఒకే ద్రావిడ శాఖలోవి. చెవి పెట్టి వింటే ఆరు నెలల్లో పట్టుబడతాయి. గుణుపురం వైపు సవర భాష వేరే కుటుంబం, కాస్త శ్రమపడాలి. మా పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారు. ఇంట్లో ఒక సవర మనిషిని ఉంచుకుని మరీ నేర్చుకున్నారు. వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేసేవరకూ వదల్లేదు. మీరు అంత చేయనక్కరలేదు. నీరు, ఊట, దారి, అప్పు, జ్వరం, సంత, ఎప్పుడు, ఎంత, ఎవరిది అన్న మాటలతో మొదలుపెట్టండి. మీరు జనవరిలో చేరాలని రాశారు. ఫిబ్రవరి పల్లీసభలకు నెల రోజుల వ్యవధి ఉంది, ఆ మాటలకు అది సరిపోతుంది.